రూపం వదిలినవారికి రూపం

రుషికొండ దాటి భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కితే బౌద్ధ విహారాల పునాదులు కనిపిస్తాయి. అక్కడి హీనయాన భిక్షువులు బుద్ధుణ్ణి మూర్తిగా కాక స్తూపంగా, పాదముద్రలుగా కొలిచారు. ముక్తి పొందినవారికి బొమ్మ కట్టవచ్చా అన్న ప్రశ్న ఈ తీరానికి కొత్త కాదు.

విశాఖలో ఆ ప్రశ్నను రంగులతో అడిగిన చిత్రకారుడు వి. రమేష్. 1958లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, బరోడాలో చదివి, తిరిగి ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే చిత్రకళ బోధించారు. రమణ మహర్షి, లల్లేశ్వరి, అక్క మహాదేవి, కారైక్కాల్ అమ్మైయార్ వంటి సాధుసంతులు ఆయన కాన్వాసుల్లోకి వచ్చారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. 12వ శతాబ్దపు అక్క మహాదేవి బట్టలు వదిలేసి, జుట్టే కప్పుకుని, మల్లికార్జునుడి కోసం శ్రీశైలం చేరింది. అమ్మైయార్ తన అందాన్ని తీసేసి పిశాచ రూపం ఇమ్మని శివుణ్ణి వేడుకుంది. అలాంటివారిని మళ్లీ దేహంగా గీయడం వారి భక్తికి ద్రోహమా?

కాదు. వారి దేహమే వారి వాదన. దాన్ని దాచేస్తే ఆ తెగింపు ఎవరికీ అందదు. జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు ఎమిల్ నోల్డె 1911-12లో క్రీస్తు జీవితాన్ని తొమ్మిది చిత్రాలుగా గీసినప్పుడు సౌమ్యమైన ముఖాలను పక్కనపెట్టి, మండే రంగులను, మొరటు ముఖాలను ఎంచుకున్నాడు. పూజాపటానికి కావలసిన అందం వేరు, భక్తుడి వేదనకు కావలసిన నిజం వేరు.

రమేష్ చిత్రాలు ఎక్కడ ప్రదర్శించినా వెళ్లండి. వాటి ముందు తొందరపడకుండా నిలబడండి.