వేరు పట్టుట, వేరు పడుట

ధ్యాన భాగములు: యోహాను 15:1-8, అపొస్తలుల కార్యములు 14:19-23



ద్రాక్షావల్లిని గూర్చిన అధ్యాయము మన సంఘములలో ఎన్నిసార్లు చదువబడినదో లెక్క లేదు. అయినను ఖమ్మము మొదలుకొని భద్రాచలము అడవుల అంచు వరకు మన పల్లెలలో ద్రాక్షపందిరి చూచినవారు ఎందరు? బజారులో పండ్లు చూచితిమి గాని తీగెను చూడలేదు. ప్రభువు మన మధ్య కూర్చుండి బోధించినయెడల దొండపాదునో, జాజితీగెనో, పెరటిలోని తమలపాకు తీగెనో చూపియుండునని మేమనుకొందుము. ఇప్పుడు మన వసారాలలో ఖాళీ సీసాలలోను పాత డబ్బాలలోను మనీప్లాంటు అను తీగె కూడ వ్రేలాడుచున్నది. డబ్బు తెచ్చునని కొందరు పెంచుచున్నారట. డబ్బు వచ్చిన జాడ మాకెక్కడను కనబడలేదు గాని ఇట్టి తీగెల యొద్ద మనము నేర్చుకొనవలసిన సంగతి ఒకటి కలదు. దానిని మేము గ్రంథములలో చదువలేదు. అడవి అంచున కాపురమున్న ఒక వృద్ధురాలు మాకు నేర్పినది.

మృగశిర కార్తె చినుకులు పడిన తరువాత ఒక సాయంకాలము ప్రార్థన కూడిక ముగించుకొని ఆమె ఇంటికి పోతిమి. గుడిసె ముందు జాజితీగె నిండుగా ప్రాకి, వాకిలంతయు వాసన కొట్టుచుండెను. మేము చనువుగా, “అవ్వా, మా ఇంటి ముందు నాటుకొందుము, ఒక కొమ్మ విరిచి ఇవ్వమ్మా” అంటిమి.

“అయ్యగారూ, పోయినేడు రెండు కొమ్మలు తీస్కపోతిరి. బతికినయా?” అని ఆమె అడిగెను.

బ్రతుకలేదని ఒప్పుకొంటిమి. ఒకటి సంచిలోనే వాడిపోయెను. రెండవది నాలుగు దినములు పచ్చగా నిలిచి మోసపుచ్చి అయిదవ దినమున తల వంచెను.

“మరి మల్ల తెంపుమంటరేంది? ఖాళీ కుండ తెండ్రి. తల్లిపాలు మానిపియ్యకముందే బిడ్డకు బువ్వ అలవాటు జెయ్యాలె.”

ఆమె చేసిన పని ఇది. అంచు పగిలిన ఒక పాతకుండ అడుగున చిల్లి చేసి, చిల్లిమీద పెంకుముక్క పెట్టెను. ఎర్రమట్టియు, ఇసుకయు, బాగుగా చివికిన పెంటయు కలిపి నింపెను. నేలకు దగ్గరగా పెరిగిన, పెన్సిలంత లావుగల నిరుటి కొమ్మ నొకదానిని వంచి కుండ మీదికి తెచ్చెను. మట్టిలోనికి పోవలసిన కణుపు యొద్ద అడుగు ప్రక్కను మాత్రమే చిన్న కత్తితో అంగుళము మేర బెరడు గీకెను. ఆ గీకినచోటును రెండంగుళముల లోతున మట్టిలో అదిమి, పంగలపుల్ల గ్రుచ్చి లేవకుండ పట్టి, పైన ఒక చదును రాయి పెట్టెను. కొమ్మ కొస జానెడు బయటనుండగా దానిని ఒక కర్రకు నిలువుగా కట్టెను. కొమ్మ తల్లితీగెను విడువలేదు. కుండ మాది, మట్టి ఆమెది, పాలు తల్లివి! మనవారు దీనిని అంటు తొక్కుట అందురు.

మేము తొందరపాటు మనుష్యులము. మూడు వారముల తరువాత ఆ దారిని పోవుచు, వేరు వచ్చెనేమో చూతమని రాయి తొలగించి కొమ్మను కొంచెము పైకి లాగితిమి. వెండ్రుకలవంటి తెల్లని వేళ్లు రెండు మూడు అప్పుడే పుట్టియుండెను. అవి మా చేతిలో తెగిపోయెను. అవ్వ ఏమియు అనలేదు గాని ఆనాడు మాకు మంచినీళ్లు ఇచ్చుటలో కొంత ఆలస్యమాయెను. మరల మొదటినుండి తొక్కవలసివచ్చినది. ఆశ్వయుజము వచ్చుసరికి కుండ నిండ వేరు పట్టెను. అప్పుడైనను ఆమె ఒక్కసారిగా కోయలేదు. తల్లికిని కుండకును నడుమ కొమ్మను సగము మాత్రమే కోసి, పది దినములు ఆగి, ఆకు వాడకపోవుట చూచి, తరువాత మిగిలిన సగము కోసెను.

ఇందులోని కీలకమును కొంచెము వివరింతుము. వేళ్లు త్రాగిన నీరు కొమ్మ లోపలి కట్టెగుండ పైకి పోవును. ఆకులలో తయారైన ఆహారము బెరడుగుండ క్రిందికి దిగును. బెరడు గీకినచోట ఆ ఆహారము ఆగి నిలువయగును. వేరు పుట్టించు ఆక్సిన్ అను పదార్థము కూడ అక్కడనే చేరును. చీకటియు తేమయు తోడుకాగా అక్కడనుండి వేరు బయలుదేరును. లోపలి కట్టె తెగలేదు గనుక ఈ దినములన్నియు తల్లి నీరు పోయుచునే యుండును. తెంపిన కొమ్మ సంగతి అట్లు కాదు. దాని ఆకులు ఎండకు నీటిని విడుచుచునే యుండును, త్రాగుటకు వేరు లేదు. వేరు ముందు వచ్చునో చావు ముందు వచ్చునో తెలియని పందెమది. కొన్ని జాతులు ఆ పందెము గెలుచును. మన భద్రాచలము ఎండలలో అనేకములు ఓడిపోవును.

తమలపాకు తీగెకును మనీప్లాంటుకును బెరడు గీకవలసిన పని కూడ లేదు. వాటి కణుపుకణుపునకు వేరుమొటిమ పుట్టుకతోనే యున్నది. మనీప్లాంటు తీగె పొడవుగా సాగి, మొదట ఆకులు రాలి బోడియై, కొసను మాత్రము నాలుగాకులతో వ్రేలాడుచున్నదా? దానిని కోయకుడి. చుట్టి తిరిగి దాని కుండలోనికే తెచ్చి, కణుపులు మట్టికి ఆనునట్లు వంచిన తీగముక్కలతో అదిమి, తడి ఆరకుండ చూడుడి. మూడు నాలుగు వారములలో కణుపులు మట్టిని పట్టుకొనును, బోడికుండ నిండును. దూరము పోయిన కొస తన ఇంటిలోనే మరల వేరు పట్టుట మేము మా వసారాలో చూచితిమి.

ఇప్పుడు వాక్యభాగమునకు వత్తము. పౌలును లుస్త్రలో రాళ్లతో కొట్టి, చచ్చెననుకొని ఊరి వెలుపలికి ఈడ్చిరి. మరునాడు అతడు దెర్బేకు పోయెను. దెర్బే నుండి ముందుకు సాగినయెడల కొండకనుమ దాటి అతని స్వంత ఊరగు తార్సు చేరు మార్గము కలదు. గాయములు మానక యున్న మనిషి ఇంటికి పోయిన ఎవరు తప్పుపట్టుదురు? అయినను అతడు వెనుకకు మరలి, తనను కొట్టిన ఊరికే తిరిగి వచ్చెను. అక్కడి శిష్యులను బలపరచి, సంఘసంఘమునకు పెద్దలను ఏర్పరచి, వారిని ప్రభువునకు అప్పగించెను. మొదట నాటుట, తరువాత తిరిగి వచ్చి చూచుట, అటుపిమ్మట అప్పగించుట. ఈ మూడింటిలో నడిమిదానిని మనము తరచుగా దాటిపోవుదుము.

మేమును దాటిపోతిమి. దీనిని వ్రాయుట మాకు సులభము కాదు.

మన పాస్టరేటులో అడవిలోపల ఒక గూడెమున తొమ్మిది కుటుంబములు ప్రభువును నమ్ముకొని, తాటాకుల పాకలో ఆరాధించుచుండిరి. ఉపదేశి జీతములో సగము మన పెద్ద సంఘము ఇచ్చుచుండెను. నెలకొకసారి మేము పోయి ప్రభురాత్రి భోజనము ఇచ్చుచుంటిమి. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఖమ్మము జిల్లాలోని కొన్ని మండలములు ఆంధ్రప్రదేశములో కలుపబడినప్పుడు ఆ గూడెము గీతకు ఆవల పడెను. కమిటీలో మాట వచ్చెను. దారి దూరము, రాష్ట్రము వేరాయెను, ఎన్నాళ్లు మోయుదుము, వారి కాళ్లమీద వారు నిలువవలదా అని. చెవికి ఇంపైన మాట! చేతులు లేచెను. అందులో మా చేయి కూడ కలదు.

రెండు వర్షాకాలములు గడువకముందే పాక కూలెను. ఉపదేశి భార్యాబిడ్డలతో మిరపకోతలకు వలసపోయెను. ఒక ఇంట చిన్నబిడ్డ జ్వరముతో చనిపోయినప్పుడు ప్రార్థించువారెవరును లేకుండనే పూడ్చిరి. మాకు ఎందుకు కబురు పంపలేదని తరువాత అడిగితిమి. ఆ తండ్రి మా ముఖము చూడకుండ, “మీరు మమ్ముల వేరుజేసిండ్రు గద అయ్యగారూ” అనెను. వేరు పట్టకముందే వేరు చేసితిమని మాకప్పుడు తెలిసినది. నేడు ఆ తొమ్మిది ఇండ్లలో మూడు మాత్రమే ప్రార్థనలో నిలిచియున్నవి.

మన పెద్దలు మనయెడల ఇట్లు చేయలేదు. 1903లో తమిళదేశపు తిరునెల్వేలి క్రైస్తవులు తమలో తాము ఇండియన్ మిషనరీ సొసైటీ అను సంఘము నేర్పరచుకొని, తమ చందాలతో తమవారినే మన డోర్నకలు ప్రాంతమునకు పంపిరి. భాష వేరు, తిండి వేరు, దారి ఎంతో దూరము. ఆ సొసైటీని స్థాపించినవారిలో ఒకరైన వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు 1909లో తామే డోర్నకలు వచ్చి తెలుగు నేర్చుకొని పనిచేసిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయన బిషపుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో భారతీయుడు బిషపగుట అదే మొదలు. మీకిక బిషపుగారే యున్నారు, మా సొమ్ము ఎందుకని తిరునెల్వేలివారు ఆనాడే చేయి తీయలేదు. అటు తరువాతయు మనుష్యులను పంపుచునే యుండిరి. ఇక్కడి మాలమాదిగ పల్లెలలోని బీదజనులు పిడికెడు బియ్యము, కోడి, గ్రుడ్డు కానుకగా తెచ్చుట నేర్చుకొనుచుండగా అక్కడి పాలు ఆగలేదు. 1939 జనవరి 6వ తేదీన డోర్నకలులో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ దేవాలయమును చూచినవారు దాని రాతిస్తంభములను పొగడుదురు. మాకు మాత్రము దానిని చూచినప్పుడెల్ల, మన భాష కూడ ఎరుగని తిరునెల్వేలి విధవరాండ్రు వేసిన కాసులు జ్ఞాపకము వచ్చును.

అయితే దీనికి రెండవ ప్రక్కయు కలదు. మేము దానిని దాచిన అవ్వ ఒప్పుకొనదు. తల్లి పాలిచ్చుచున్నది గదాయని కొమ్మను గాలిలో వ్రేలాడనిచ్చిన అది పచ్చగానే యుండును గాని వేరు ఎన్నటికిని పుట్టదు. వేరు కావలెనన్న మట్టి తగులవలెను, బెరడు కొంచెము గీరుకొనవలెను. కొన్ని గూడెములకు మనము చాప మొదలుకొని దీపము వరకు మోసికొనిపోయి, పాట మనమే పాడి, ప్రార్థన మనమే చేసి, కానుక పళ్లెములో కూడ మనమే వేసి తిరిగివచ్చుచున్నాము. అక్కడివారు ప్రేక్షకులై కూర్చుందురు. కోయభాషలో ప్రార్థించుటకు ఒక తల్లి నోరు తెరచినయెడల, తెలుగులో చెప్పమ్మా అని సరిదిద్దిన ప్రబుద్ధులును మనలో కలరు. ఆ భాషయే ఆ మట్టి గదా! వారి కానుకను వారే లెక్కపెట్టుకొననిండు, లెక్క తప్పిననుసరే. పాక కప్పునకు ఆకు వారే కోసికొననిండు. ఆ గీరు కొంచెము నొచ్చును, అక్కడనే వేరు వచ్చును. నడుమ మాటిమాటికి పైకి లాగి చూచుట మాత్రము మానవలెను. ప్రతి నెల లెక్కలడిగి, ఇంకను ఎదుగలేదేమని నలుగురిలో అనిపించుకొన్న గూడెముల సంగతి మీకు తెలియును.

ఉపమానమును దాని హద్దు మీరి లాగుట తగదు. కుండలోని జాజి ఒకనాడు తల్లినుండి వేరగును. గూడెపు సంఘము కూడ దేవుని కృపవలన ఒకనాడు మన పాస్టరేటు నుండి వేరై తన గురువును తాను పోషించుకొనును. యోహాను 15వ అధ్యాయములో ప్రభువు చెప్పిన తీగెకైతే అట్టి దినము లేదు. ఎంత ముదిరినను, ఎన్ని కాయలు కాచినను, ఆ వల్లి యొద్దనుండి కోసికొనిపోయి వేరుగా నాటుకొను కుండ ఎక్కడను లేదు. పెద్ద సంఘము గాని చిన్న గూడెము గాని ఆ విషయములో ఒకే పొడవు తీగెలు. మనము తల్లితీగెయని చెప్పుకొనుట కూడ వాడుక మాటయే. ఆయన ముందు మనమును కొమ్మలమే.

ఇప్పుడు మరియొక గూడెము సంగతి కమిటీ ముందున్నది. గోదావరికి ఈవలనే, అడవిదారిని, పదకొండు కుటుంబములు. ఉపదేశికి ఇచ్చుచున్న సహాయము వచ్చే సంవత్సరము నుండి నిలిపివేయవలెనని ఒక తీర్మానము వచ్చియున్నది. తెచ్చినవారు చెడ్డవారు కారు. మన దేవాలయపు కప్పు కారుచున్నమాటయు, పెట్టెలో సొమ్ము చాలనిమాటయు నిజమే. మేము ఈసారి చేయి ఎత్తకముందు ఆ గూడెమునకు మూడు ఆదివారములు పోయి చూచితిమి. ఇద్దరు యువకులు వాక్యము చదువుచున్నారు. ఒక తల్లి పిల్లలను కూర్చుండబెట్టి పాటలు నేర్పుచున్నది. వెండ్రుకలంత వేళ్లు ఉన్నవి. సహాయమును ఒక్కసారిగా కోయక, సగము తగ్గించి సంవత్సరము ఆగి చూతమనియు, తగ్గిన సగమును ఆ పదకొండు ఇండ్లవారు ధాన్యముగానో ఇప్పపువ్వుగానో పోగుచేయుదురేమో వారినే అడుగుదమనియు మా తలంపు.

రెండవ ఆదివారము ఆరాధన తరువాత కమిటీ కూడును. ఆ గూడెము నుండి ఇద్దరు పెద్దలను రమ్మని పిలిచియున్నాము. తెల్లవారకముందే బయలుదేరి నడచి వత్తురు గనుక వారికి భోజనము మా ఇంటనే. వారు మాటలాడిన తరువాతనే మనము మాటలాడుదము.