ప్రియము – హితము

ప్రేమించువాడు తాను ప్రేమించిన ప్రాణికి ప్రియమైనదానిని పెట్టవలెనా, హితమైనదానిని పెట్టవలెనా? రెండును ఒక్కటే యైనచోట ఈ ప్రశ్నకు తావులేదు. అవి వేరైనప్పుడే ప్రేమకు పరీక్ష కలుగును. కఠోపనిషత్తున యముడు నచికేతునకు బోధించిన శ్రేయఃప్రేయోవివేకము సాధకుడు తన్ను గూర్చి చేసికొనవలసినది. మన చేతి అన్నముపై ఆధారపడిన మూగజీవి విషయమున మాత్రము ఆ వివేకమును దాని పక్షమున మనమే చేయవలసి యున్నది. ఇందుకొక చిన్న యుదాహరణమును పరిశీలింతము.

ఉత్తర అమెరికా అడవులలో బాక్స్ టర్టిల్ అను తాబేలు కలదు. భయము కలిగినప్పుడు అది తలను, కాళ్లను లోనికి ముడుచుకొని, పొట్టవైపు డిప్పను పెట్టెమూతవలె బిగించుకొనును. దానికా పేరు వచ్చుటకు అదియే కారణము. ఏబది యేండ్లకు మించి జీవింపగల ప్రాణి యిది. ఆ దేశమున పలువురు దీనిని ఇండ్లలో పెంచుకొందురు. వానపాములు, నత్తలు, పురుగులు, పుట్టగొడుగులు, ఆకులు, రాలిన పండ్లు దీని సహజాహారము. మేఆపిల్ అను అడవిమొక్క పండ్లను తిని, విత్తనములను వేరుచోట్ల విసర్జించి, ఆ మొక్క వ్యాప్తికి తోడ్పడును గూడ. కావున ఫలము దీనికి పరాయి ఆహారము కాదు.

చిక్కు ఇందే యున్నది. అడవిలో ఫలకాలము స్వల్పము. పండు కావలెనన్న తాబేలు నడువవలెను, వెదకవలెను. అచట ప్రకృతియే మితమును విధించును. ఇంటిలోనన్ననో ఋతువు లేదు, వెదకుట లేదు. స్ట్రాబెర్రీ ముక్కనో మామిడి ముక్కనో చూపగానే అది మెడ సాచి ఆత్రముతో వచ్చును. ఆ యాత్రమును చూచి పెంచువాని మనస్సు పొంగును. మరునాడు మరొక ముక్క! తుదకు అది పురుగులను, ఆకులను విడిచి పండుకొరకే కాచుకొని యుండును. పండ్లలో చక్కెర హెచ్చు. పెక్కింట కాల్షియము కంటె భాస్వరమే యధికము. కాల్షియము చాలనిచో ఎముకలును డిప్పయు మెత్తబడును. విటమిన్ 'ఎ' లోపించినచో కనురెప్పలు వాచును, చెవియొద్ద చీముగడ్డలు లేచును. తాబేలు మొరపెట్టుకొనదు. నేటి ముద్దు ఫలితము మాసముల పిమ్మటగాని కంటబడదు.

అట్లని పండును పూర్తిగా నిషేధించుట ధర్మమా? కాదు, అదియు దాని స్వభావమునకు విరుద్ధమే. పెరిగిన తాబేలునకు పండు మొత్తము ఆహారమున నూటికి 10 పాళ్లకు మించకుండుట మేలు. బెర్రీలు, అత్తి, బొప్పాయి, మామిడి, కర్బూజ వంటివానిని కడిగి, గట్టి గింజలను తీసి, చిన్న ముక్కలు చేసి, వారమునకు ఒకటి రెండు మారులు ఇతరాహారముతో కలిపి పెట్టవచ్చును. అవకాడో పెట్టరాదు. నిమ్మజాతి పుల్లని పండ్లకు దూరముగ నుండుట మంచిది. మిగిలిన ముక్కలు కుళ్లకముందే తీసివేయవలెను. ఒంటికి వెచ్చదనము లేనిదే దానికి ఆహారము జీర్ణము కాదు. శీతనిద్రకు ముందు పండు సైతము మాన్పించవలెను. తాబేళ్లపై సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చును గనుక, తాకిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుట విధి.

ఇచట ఒక యాక్షేపణ వచ్చును: “స్వేచ్ఛ పోయిన జీవికి ఆ తీపియైన దక్కనీయరాదా?” ఇది దయగల ప్రశ్నయే. కాని స్వేచ్ఛను హరించిన ఋణము తీపితో తీరునా? ఆ జీవికి మనము బాకీపడినది ఎండ, తేమగల మన్ను, దాగుకొనుటకు ఆకులు, ఆహారమును తానే వెదకికొను అవకాశము. పండుముక్కను నోటికందింపక రాలుటాకుల నడుమ దాచిన యెడల తాబేలు అడవిలోవలె వెదకి తినును. అచట ప్రియమును హితమును మరల కలిసికొనును. కాని మన కన్నుల యెదుట అది మెడ సాచెడి ముచ్చట మనకు దక్కదు. ఆ ముచ్చటను వదలుకొనగలిగినవాడే తన ప్రేమ దానికొరకో, తనకొరకో తెలిసికొనగలడు.

ఈ విచారణ ఇంతటితో ఆగదు. బాక్స్ టర్టిల్ తానెరిగిన చిన్న భూభాగమున జీవితమంతయు గడపును. దూరమునకు కొనిపోయి విడిచినచో తన తావునకై తిరుగులాడును. అట్టి ప్రాణిని అడవినుండి తెచ్చుకొని, పిమ్మట పండు పెట్టి లాలించుట ఎట్టి ప్రేమ? మన దేశమున నక్షత్రతాబేలును పట్టి యింట నుంచుకొనుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. చట్టము చేతులను కట్టగలదు. కోరికను వివేకమే కట్టవలెను.

మారాము చేయు బిడ్డకు మిఠాయి, మధుమేహముగల తండ్రికి పాయసము అందించునప్పుడును ఈ ప్రశ్నయే మన ముందు నిలుచును. ఎదుటివాని ముఖమున క్షణకాలపు సంతోషమును చూడగోరుట సులభము. అతని రేపటిని గూర్చి తలచి, నేటి చేతిని కొంచెము వెనుకకు తీసికొనుట కష్టము. ఆ కష్టమును ప్రేమతో, పరుషవాక్యము లేక, వహించుటయే అహింస. పాఠకులు తమ యింట ఈ యుభయమును ఒకమారు తూచి చూచుకొందురు గాక.