పరదేశపు జట్టులో మన బిడ్డ

ధ్యానభాగములు: యిర్మీయా 29:4–7; దానియేలు 1వ అధ్యాయము; 1 కొరింథీ 12:12–27



పై చదువులకై బిడ్డలను అమెరికాకో, ఇంగ్లాండుకో, ఆస్ట్రేలియాకో పంపిన కుటుంబములు మన గోదావరి సీమ సంఘములలో అనేకము గలవు. పొలము తాకట్టుపెట్టి పంపినవారును కలరు. అట్టి యింటికి ఒకనాడు కుమారుని కబురు వచ్చును: “నాన్నగారూ, ఇక్కడి ఊరి క్రికెట్టు జట్టులో చేరాను.” తండ్రి గుండె ఝల్లుమనును. అప్పుచేసి పంపినది చదువుకా, ఆటకా అని తల్లితో అనును. ఆయన దిగులు న్యాయమైనదే. అయినను వాక్యపు వెలుగులో ఈ సంగతి చూతము.

యెరూషలేమునుండి బబులోనుకు కొనిపోబడినవారికి యిర్మీయా ఉత్తరము వ్రాసెను. రెండేండ్లలో చెర తీరునని హనన్యా ప్రవచించియుండెను. యిర్మీయా అట్లు చెప్పలేదు. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణపు క్షేమము కోరి దానికొరకు ప్రార్థించుడి, దాని క్షేమములోనే మీ క్షేమమున్నది అని దేవుని మాటగా తెలియజేసెను. మన విద్యార్థులును “రెండేండ్ల చదువేగదా, ఈ ఊరివారితో మనకేమి పని?” అనుకొందురు. తలుపు వేసికొని, చేతిలోని ఫోనునే తోడుగా చేసికొందురు. నిరవంజి చెట్లకు సితారాలు తగిలించి యేడ్చినవారి దుఃఖమును 137వ కీర్తనలో చదువుచున్నాము. దేవుడు ఆ కన్నీటిని త్రోసివేయలేదు. కాని తన ప్రజలను ఆ చెట్ల క్రిందనే ఉండిపొమ్మనలేదు. తోట నాటుమనెను. తోట నాటువాని చేతికి ఆ ఊరి మన్ను అంటును. జట్టులో చేరుటయు అట్టిదే.

హైదరాబాదులో పుట్టిన అబ్బాస్ అలీ బేగ్ ఆక్స్‌ఫర్డులో చదువుచు అక్కడి విశ్వవిద్యాలయపు జట్టులో ఆడుచుండెను. 1959లో ఇంగ్లాండులో పర్యటించుచున్న మన దేశపు జట్టులో కొందరు గాయపడగా, ఆ విద్యార్థిని పిలిపించిరి. మాంచెస్టరులో తన మొదటి టెస్టు ఆటలోనే, ఇరువదేండ్ల ప్రాయమున, 112 పరుగులు చేసెను. ఆ ఆటలో మన దేశము ఓడినది. అయినను గదిలో దాగియున్న యువకుని ఎవరు పిలిచియుందురు? సిద్ధముగా మైదానములో నున్నవానికే పిలుపు అందెను.

మన విశ్వాసమందు మనకు సహోదరుడైన జైపాల్ సింగ్ ముండాను కూడ జ్ఞాపకము చేసికొందము. 1903లో రాంచీ ప్రాంతపు పల్లెలో ఆదివాసి కుటుంబమున జన్మించి, మిషను పాఠశాలలో చదివి, ఆ పాఠశాల ప్రిన్సిపాలు సహాయమున ఇంగ్లాండు చేరెను. ఆక్స్‌ఫర్డులో హాకీ జట్టున చోటు సంపాదించెను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్సునకు వెళ్లిన భారత హాకీ జట్టుకు ఆయనయే నాయకుడు. ఆ జట్టు 29 గోలులు చేసి, ఒక్కటియు ఇయ్యక, బంగారు పతకము గెలిచెను. పరాయివారి నడుమ ఆడినందున ఆయన తనవారిని మరచెనా? లేదు. 1946లో రాజ్యాంగ సభలో నిలిచి ఆదివాసుల పక్షమున మాట్లాడెను.

జట్టు మనకు నేర్పునదేమి? పౌలు భక్తుడు సంఘమును శరీరముతో పోల్చెను. కన్ను చేతితో నీవు నాకక్కరలేదని చెప్పజాలదు. ఇంగ్లాండు పల్లెల క్రికెట్టు క్లబ్బులలో సభ్యులే నేల చదునుచేయుదురు, లెక్క వ్రాయుదురు, టీ అందింతురు. క్రొత్తగా వచ్చిన మన బిడ్డ ఆ పనికి చెయ్యి కలిపినప్పుడు అతడు అతిథి కాడు, అవయవము. అతడు ఒకనాడు రాకపోయిన యెడల “ఏమైనాడు?” అని అడుగువారుందురు. దూరదేశమున జ్వరముతో పడియున్న బిడ్డకు ఆ ప్రశ్న ఎంత విలువైనదో తల్లులారా, మీకు తెలియును.

అయితే హద్దు లేదా? కలదు. దానియేలు కల్దీయుల భాష నేర్చెను, వారు పెట్టిన పేరు మోసెను, వారి కొలువు చేసెను. రాజుగారి భోజనపు బల్ల యొద్ద మాత్రము ఆగెను. ఎక్కడ కలియవలెనో, ఎక్కడ నిలువవలెనో ముందే హృదయములో నిశ్చయించుకొనెను. ఆట ముగిసిన పిమ్మట త్రాగుడు బల్ల యెదుట నిశ్చయించుకొందమనుకొనువాడు ఆలస్యము చేసినవాడే. ప్రభుత్వపు షరతులును గౌరవింపవలెను. బ్రిటనులో విద్యార్థి వీసాపై నున్నవాడు వృత్తిగా, జీతమునకు ఆడరాదు.

ఆదివారపు సంగతి యేమి? 1924లో పారిస్ ఒలింపిక్సులో ఎరిక్ లిడ్డెల్ నూరు మీటర్ల పందెపు తొలి పోటీ ఆదివారమున పడినందున దానిని వదలుకొనెను. తరువాత వారపు దినమున నాలుగువందల మీటర్ల పందెమును 47.6 సెకండ్లలో గెలిచెను. పిమ్మట చైనాలో మిషనరీయై, యుద్ధకాలమున జపాను వారి నిర్బంధ శిబిరములో ఉండగా, అచ్చటి పిల్లలు ఆదివారము ఆటలో కొట్టుకొనిరి. అప్పుడు తానే రిఫరీగా వచ్చి నిలిచెను. తన పతకము కొరకు ఇయ్యని ఆదివారమును పిల్లల సమాధానము కొరకు ఇచ్చెను. 1945లో ఆ శిబిరములోనే మరణించెను. యువకులారా, నీ ఆదివారమును ఎవరికొరకు ఇచ్చుచున్నావో నీ మనస్సాక్షిని అడిగి చూడుము.

తల్లిదండ్రులారా, కుమారునికి ఫోను చేసినప్పుడు మార్కులు, ఖర్చులు అడుగుడి. అది మీ హక్కు. దానితోపాటు “నీ జట్టువారు ఎట్లున్నారు? వారి పేర్లేమి?” అనియు అడుగుడి. ఆ పేర్లు కాగితముమీద వ్రాసి, కుటుంబ ప్రార్థనలో దేవుని సన్నిధిని ఉచ్చరింపుడి. 1836లో ఇంగ్లాండునుండి ఓడయెక్కిన బౌడెన్, బీర్ దంపతులు మన నర్సాపురములో కాపురముండి మన భాష నేర్చిరి. వారి తల్లిదండ్రులు ఎన్నడు చూడని మన ఊళ్లు ఆ విధముగా దీవెన పొందెను. మీ బిడ్డ ఆడు ఊరును మీరెన్నడు చూడకపోవచ్చును. దాని క్షేమము కొరకు ప్రార్థించుట మీకు సాధ్యమే.

దూరమందున్న మన బిడ్డలను ప్రభువు కాపాడి, వారున్న పట్టణములకు వారిని దీవెనగా చేయును గాక. ఆమేన్.