మన బలహీనత ఎరిగిన ప్రభువు

"పాపమెరుగని క్రీస్తుకు పాపి బాధ ఏమి తెలుస్తుంది?" పాపసంకీర్తనానికి జంకే మనసు ఇలాగే అడుగుతుంది.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. లండనులో స్కాట్లండు సంఘ బోధకుడైన ఎడ్వర్డ్ ఇర్వింగ్, క్రీస్తు మన పతన స్వభావమునే ధరించారని, పవిత్రాత్మ బలముతో పాపము చేయక నిలిచారని బోధించారు. అందుకు 1833లో ఆయనను బోధకపదవి నుండి తొలగించారు.

ప్రభువు మనకు దూరము కారాదన్న ఆయన తపన మంచిదే. కాని పాపము మానవ స్వభావము కాదు, దానికి పట్టిన రోగము. రోగము లేనివాడు మనిషి కాకపోడు. 451లో కాల్సెడోను మహాసభ, క్రీస్తు పాపము తప్ప అన్నింట మనవంటివారేనని ప్రకటించింది. ఆకలి, అలసట, కన్నీరు, మరణము ఆయన ఎరుగుదురు. పాపము వైపు లాగే మొగ్గు మాత్రము ఆయనలో లేదు.

మరి శోధన? గెత్సెమని తోటలో ఆయన మానవ చిత్తము మరణము ముందు వణికింది. వణకడము పాపము కాదు. ఆ చిత్తము నిజమైనదని, తండ్రి చిత్తమునకు విధేయమైనదని శ్రీసభ విశ్వాసము. క్రీస్తుకు మానవ చిత్తము కలదని 681లో మూడవ కాన్‌స్టాంటినోపులు మహాసభ స్పష్టము చేసింది.

ప్రక్క మంచము మీది రోగి మనతో కలిసి మూలుగుతాడు, కాని మనలను లేపలేడు. మన ప్రభువు మన నొప్పిని పూర్తిగా భరించారు, మన రోగమునకు లొంగలేదు. అందుకే ఆయన చేయి పట్టుకొని లేవగలము.

సహోదరులారా, శోధన కలిగినందుకు సిగ్గుపడకండి. పడిపోతే దాగుకొనకండి. ఆయన వద్దకు రండి.