ఇనుము జ్ఞాపకము

1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పలు బాటప్రక్కనున్నది. అచ్చటి పండితులు శిలల అయస్కాంత స్మృతిని చదువుదురు. దక్కను నల్లరాయి చల్లారునాటి భూమి అయస్కాంతదిశను అందలి ఇనుపరేణువులు 6 కోట్ల యేండ్లకు పైగా నిలుపుకొన్నవి. టేపుపై పూసిన ఇనుపపొడియు కంఠస్వరము నట్లే నిలుపును. కాని రాతికి కావలి యక్కరలేదు; టేపు జిగురు తేమకు చెడును, దానిని పలికించు యంత్రము మూలబడును.

నేడు పాత రీలు యంత్రములను ధనము వెచ్చించి బాగుచేయించుకొను రసికులు బయలుదేరినారు. ఇది విలాసమా? యంత్రమును చూచి మురియుట విలాసమే. అయినను అది తిరుగుచున్నంతకాలమే నాచారములో నే యటకపైనో పడియున్న తాతగారి హరికథ మరల వినబడగలదు. కావున పొరుగువాని రీలు నొక్కదానినైనను తిప్పి, నకలు తీసి యిచ్చువాడే రసికుడు; తక్కినవాడు వట్టి సొత్తుగాడు.