కాలము పాపమును కడుగునా?

శిథిలములైన కోటలను జూచినపుడెల్ల మనవారికి వైరాగ్యము పుట్టుచుండును. ఎంతటివారైనను మట్టిలో కలిసిపోయిరి గదా యని నిట్టూర్తురు. ఆ నిట్టూర్పు మన గర్వము నణచునేని మంచిదే. కాని యది కర్తవ్యమును విడుచుటకు సాకగునేని దాని నంగీకరింపవచ్చునా? గండికోటలో మాకీ ప్రశ్న కలిగెను.

గండికోట కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున నున్నది. పెన్నానది ఎఱ్ఱమల కొండలను కోసికొని పాఱుటచే నేర్పడిన గండియే ఆ కోటకు పేరు తెచ్చినది. ఒకనాటి యుదయమున మేము మిత్రునొకనితో కోటవాకిలి దాటి లోయ యంచుదాక నడచితిమి. ఆ కొద్దిపాటి నడకలోనే మాధవరాయస్వామి గుడి గోపురము, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారము మాకు కనబడినవి. పెమ్మసాని నాయకులేలిన యీ కోటను 1650 ప్రాంతమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశపఱచుకొనెను. ఫ్రెంచి రత్నవర్తకుడగు టావెర్నియె 1652లో నిచ్చటనే యాతని దర్శించెను. నేడు నాయకులును లేరు, సేనానియు లేడు.

లోయ యంచున నిలిచి చూడగా ఎఱ్ఱని ఱాతిపొరలు పుస్తకములోని పుటలవలె నొకదానిపై నొకటి పేర్చబడి యున్నవి. ఈ ఱాయి యొకప్పుడు లోతులేని సముద్రపు టంచున పేరుకొనిన యిసుక. కోట్ల సంవత్సరములకు పూర్వమే యది గట్టిపడి శిల యయ్యెను. ఆనాటి యలలు తీర్చిన ముడుతలు కొన్ని పలకలపై నేటికిని చెఱగక నిలిచియున్నవి. ఆ శిలనే చెక్కి మనుష్యులు గోడలు కట్టుకొనిరి.

ఇది చూచి మా మిత్రుడిట్లనెను: “ఇన్ని కోట్ల యేండ్లయెదుట మన నాలుగు వందల యేండ్లెంత? ధర్మమేమి, అధర్మమేమి? అన్నియు నొక్కటే.” ఆ మాట గంభీరముగా దోచి మేమును తల యూచితిమి. తిరిగి వచ్చునపుడు ఆ మిత్రుడే ఆటో తోలువానితో పది రూపాయలకై చాలసేపు కలహించెను. కోట్ల యేండ్ల లెక్క పరుల కష్టమునకేగాని తన సంచికి వర్తింపలేదు! అప్పుడు మా తలయూపునకు మేమే సిగ్గుపడితిమి.

విచారింపగా ఆ వాదమున నొక దోషము గలదు. కాలము వస్తువుల వయస్సును కొలుచును గాని వాని విలువను కొలువదు. కోట్ల యేండ్లు బ్రదికియు ఆ ఱాయి యొక్కపూట యాకలి యెఱుగదు. నిన్న పుట్టిన శిశువెఱుగును. బాధ యెఱిగినవాని యొక్క గడియ, ఎఱుగని శిల యొక్క యుగమునకంటె ధర్మవిచారమున బరువైనది. ఆ ధాన్యాగారమునే తలపోయుడు. దాని నెవరి చెమట నింపెను? ముట్టడినాడు గింజ యెవరికి దొరకెను, ఎవరికి దొరకకపోయెను? మూడు వందల డెబ్బది యేండ్లు గడచినను ఈ ప్రశ్న న్యాయమైన ప్రశ్నయే. కాలము పాపమును కడుగగలదేని యది యిప్పటికే యర్థహీనమై యుండవలసినది.

మఱియొక సంగతి. కాలము మన తప్పులను మాపదు. తప్పు దిద్దుకొనుటకు మనకున్న గడువును మాత్రము హరించును. నాయకుల గడువు తీరినది, సేనాని గడువు తీరినది, మనది తీరలేదు. కనుక శిథిలములను జూచి “ఏల చేయవలెను?” అని యడుగుట సరికాదు. “ఎంత త్వరగా చేయవలెను?” అని యడుగుటయే సరి. జీవితము క్షణికమని నిజముగా నమ్మినవాడు పొరుగువానికీయవలసిన కూలిని రేపటికి వాయిదా వేయడు.