ఉత్సవమూర్తికి దుబ్బ తప్పదు

మల్దకల్ తిమ్మప్ప గర్భగుడిలోంచి కదలడు. ఆదిశిలా క్షేత్రమని పేరుపడ్డ ఆ చోట శిలలోనే స్వయంభువుగా వెలిశాడు కనుక నిలిచి ఉండడమే ఆయన లక్షణం. జాతర వచ్చిందంటే మాత్రం ఉత్సవమూర్తి బయటికి రావాలి, తేరెక్కాలి, నడిగడ్డ పల్లెల జనం మధ్య తిరగాలి. ఒకే దేవుడికి రెండు మూర్తులెందుకో ఆగమం ఎప్పుడో తేల్చింది: ధ్రువబేరం నిలవడానికి, ఉత్సవబేరం తిరగడానికి. తిరిగే మూర్తికి ఎండ తగులుతుంది, దుబ్బ అంటుతుంది, అందుకే స్నపనమూ ఉంది. దుమ్ము పడుతుందని ఉత్సవమూర్తిని లోపలే దాచిపెట్టమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. దేవుడితో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే ఒక ప్రశ్నకు ఈ తేడాలోనే జవాబుందని నా అభిప్రాయం. పాత కారు ఇంజనుకు ఎలాంటి ఎయిర్ ఫిల్టర్ పెట్టాలన్నది ఆ ప్రశ్న. యాభై ఏళ్ళు దాటిన జీపునో అంబాసిడర్‌నో నడుపుకునేవారికి ఇది షెడ్డులో అయిదు నిమిషాల్లో తేలిపోయే మాట: బండితో వచ్చిన డబ్బానే ఉంచుదామా, కొత్తరకం కాగితం ఫిల్టర్‌కు మారదామా అని. ఆ అయిదు నిమిషాల మాట అడుగున ధర్మవిచారం పట్టించుకోవలసిన సంగతే ఉంది. పెద్దల నుంచి చేతికొచ్చిన వస్తువు విషయంలో మన బాధ్యత దాని రూపానికా, అది చేసే పనికా? నడిచే వస్తువైతే పనికే అంటాను. అయితే ఆ మాటకు ఒక కట్టుబాటు ఉంది, దాన్ని వదిలేస్తే వాదమే చెడిపోతుంది.

ముందు ఊపిరి సంగతి. ఛాందోగ్యంలో ఇంద్రియాలు తమలో ఎవరు గొప్పో తేల్చుకోవడానికి ఒక్కొక్కటిగా ఒంటిని విడిచి వెళ్ళి చూస్తాయి. మాట పోతే మూగగా, చూపు పోతే గుడ్డిగా మనిషి బతుకుతూనే ఉన్నాడు. ప్రాణం లేవబోయేసరికి మాత్రం, మేలుజాతి గుర్రం కట్టుగొయ్యల్ని పెరుక్కుని పోయినట్టు మిగతా అన్నిటినీ లాక్కుపోబోయింది. అప్పుడు అవన్నీ దానికి తలవంచాయి. ఇంజన్ కథా ఇదే. హారన్ మూగబోయినా, లైట్లు ఆరిపోయినా బండి నడుస్తుంది, గాలి ఆగితే మాత్రం నిలవదు. కార్బొరేటర్ సరిగా ఉన్న ఇంజన్ ఒక పాలు పెట్రోలుకు తూకంలో దాదాపు పదిహేను పాళ్ళ గాలి తీసుకుంటుంది. లెక్క వేస్తే లీటరు పెట్రోలు కాలడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. మనిషి రాత్రింబగళ్ళు కలిపి ఒక రోజులో పీల్చేది దాదాపు 10,000 లీటర్లు. అంటే లీటరు పెట్రోలు అయిపోయేసరికి ఒక మనిషి ఇంచుమించు రోజంతా పీల్చేంత గాలి ఆ బండి గొంతులోంచి పోతుంది. ఇక ఆ గాలి ఎక్కడిదన్నది చూడాలి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డ నేలలో రేగడి ఉంది, ఎర్రచెల్క ఉంది. ఎండాకాలం చెల్కదారి మీద ముందు పోయే ట్రాక్టరు లేపిన దుబ్బ వెనక వచ్చే బండి నోట్లోకే పోతుంది. గ్రానైటు అరిగి తయారైన మట్టిలోని ఇసుకరేణువు ఇంజన్ గోడల పోత ఇనుము కన్నా గట్టిది. కంటికి కనిపించే రేణువు కన్నా కనిపించనిదే ఎక్కువ చెరుపు చేస్తుంది. వెంట్రుక మందంలో పదో వంతున్న కణం పిస్టన్ రింగుకూ గోడకూ మధ్యనున్న నూనె పొరలో దూరి సానరాయి పని చేస్తుంది. బండి పొగ వదలడం, ఆయిల్ తాగడం, పికప్ పడిపోవడం అన్నీ అయ్యాక, ఇంజన్ బోరుకొచ్చిందని మెకానిక్ అనే రోజు వస్తుంది. అప్పుడు గోడను కోసి పెద్దది చేయాలి, లేదా స్లీవ్ వేయాలి. బండి పుట్టినప్పటి బోరు మళ్ళీ రాదు. ఫిల్టర్ గురించి ఎవరేం వాదించినా ముందు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పాతకాలపు వడపోత తక్కువదేమీ కాదు. జీపులకూ పాత ట్రాక్టర్లకూ కంపెనీ ఇచ్చిన ఆయిల్ బాత్ పనితీరులో ఒక అందం ఉంది. గాలి పైనుంచి దిగి, అడుగు గిన్నెలోని నూనెను తాకీ తాకకుండా ఒక్కసారిగా వెనక్కి మళ్ళుతుంది. గాలి తేలిక కనుక మలుపు తిరుగుతుంది, దుమ్ము బరువు కనుక తిరగలేక నూనెలో పడుతుంది. తప్పించుకున్నది పైనున్న తడి జాలీకి అంటుకుంటుంది. కొత్త సామాను కొనే పని లేదు. గిన్నె విప్పి, అడుగున చేరిన బురద తీసి, నూనె గీత వరకు పోస్తే చాలు. లోపం కూడా ఆ మలుపులోనే ఉంది. ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు గాలికి వేగం చాలదు, సన్నదుమ్ము గాలితోపాటే మలుపు తిరిగి లోపలికి పోతుంది. గీత దాటి నూనె పోస్తే ఇంజనే దాన్ని పీల్చేస్తుంది. మడతల కాగితానికి ఈ చిక్కు లేదు, మంచి కాగితమైతే నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకు పైగా దుమ్మును ఆపుతుంది. దాని మీద పేరుకున్న మొదటి దుమ్ముపొరే తర్వాతి దుమ్మును ఆపడానికి సాయపడుతుంది కూడా. కానీ పొర మందమైతే ఊపిరాడదు, తడిస్తే పనికిరాదు. ఎయిర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే కనిపించని చిల్లులు పడతాయి, చిల్లుపడ్డ కాగితం మీద పెట్టుకున్న నమ్మకం బోరును తినేస్తుంది. ఇక పికప్ పెరుగుతుందని చెప్పి అమ్మే నూనె పూసిన నూలు ఫిల్టర్లున్నాయి. పాత ఇంజన్ ఊపిరికి అసలు అడ్డం ఫిల్టర్ కాదు, కార్బొరేటర్ సన్నని గొంతు. గొంతు అంతే ఉన్నప్పుడు ముక్కు పెద్దది చేసి లాభమేమిటి? వాటికి నడిగడ్డ దారుల మీద చోటు లేదని గట్టిగానే చెబుతాను.

రూపాన్ని పట్టుకున్నవారి ఆక్షేపణ ఇక్కడ మొదలవుతుంది. ఆ బండి ఆయిల్ బాత్‌తోనే పుట్టింది, దానితోనే ఇన్నేళ్ళు నడిచింది, తీసేస్తే అది ఆ బండే ఎలా అవుతుందని అడుగుతారు. ఈ మాటను తేలిగ్గా తోసేయలేం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్సూ బాడీ ఇంజనూ పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉన్న బండికే వింటేజ్ హోదా ఇస్తాయి, నంబరులో వీఏ అక్షరాలు చేరుస్తాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా పాతదాన్ని వీలైనంత తక్కువ ముట్టుకోమనే చెబుతుంది. ఈ జాగ్రత్త వెనకున్న భయం నిజమైనది. బాగుచేస్తున్నామన్న పేరుతోనే ఎన్నో పాత వస్తువులు పాడయ్యాయి. అయితే అవే నిబంధనల్లో ఇంకో మాట ఉంది, ఆ హోదా తీసుకున్న బండిని రోజువారీ పనులకు తిప్పకూడదని. చట్టానికి తెలిసో తెలియకో ధ్రువబేరానికీ ఉత్సవబేరానికీ మధ్య గీత అక్కడ పడింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటుంది, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చినది. నూరేళ్ళు దాటినా అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. దానికి కనిపించడమే పని, దాని రూపాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఎరువుల బస్తా వేసుకుని గద్వాల నుంచి పల్లెకు పోయే జీపు సంగతి వేరు. ఫోర్డ్ మోడల్ టీ 1908 నుంచి 1927 దాకా ఎయిర్ ఫిల్టర్ లేకుండానే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. పుట్టినప్పటి రూపమే ధర్మమని పట్టుబడితే, దాన్ని ఇవాళ దుబ్బదారి మీద నడిపేవారు ఆ దుబ్బనంతా దానిచేత తాగించాలి. అలా దాని పుట్టుకకు గౌరవం దక్కుతుంది, ఇంజన్ దక్కదు.

సరే, పనే ముఖ్యమైతే ఎక్కడ ఆగాలి? ఇవాళ ఫిల్టర్, రేపు కార్బొరేటర్, ఎల్లుండి ఇంజనే మార్చి పాత రేకు కింద కొత్త బండి పెట్టినా, పని బాగానే జరుగుతోంది కదా అనవచ్చు. ఇది అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ. రథమెక్కి వచ్చిన మిళింద రాజును బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగింది ఇలాంటిదే. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? ఏదీ కాదు. అన్నీ కూడినప్పుడు పిలుచుకునే పేరే రథం. ఆ తర్కం ప్రకారం ఫిల్టర్ తీసినంతలో బండి బండి కాకుండా పోదు. కానీ అదే తర్కంతో ఇంజన్ తీసినా పోదు. అందుకే ఆ వాదాన్ని నేను పూర్తిగా ఎత్తుకోను, అది నాకు కావలసినంత కన్నా ఎక్కువ ఇస్తోంది. గుడి ఆచారంలో ఇంతకన్నా నికరమైన కొలత ఉంది. నిన్న దేవుడి మీద వేసిన పూలు ఇవాళ నిర్మాల్యం. తెల్లారి వాటిని తీసేస్తే దేవుడు మారాడని ఎవరూ అనరు, తీయకపోతేనే అపచారం. శ్రావణ పూర్ణిమకు జంధ్యం మారుతుంది, చిన్నప్పుడు జరిగిన ఉపనయనం మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని ఉండడానికి పుట్టినవి, కొన్ని తీసేయడానికే పుట్టినవి. ఇంజన్‌లో బోరు, పిస్టన్, బ్లాకు మొదటి రకం. ఫిల్టర్ రెండో రకం, ఇంకొకటి అరగకుండా ఉండాలని తాను మురికి పట్టేది. దాన్ని నిలబెట్టడానికి బోరును అరగనివ్వడమంటే నిర్మాల్యాన్ని దాచుకుని విగ్రహాన్ని పాడుపెట్టడమే. ఈ కొలతతో కార్బొరేటర్ దగ్గరే ఆగిపోతాం, ఇంజన్ దాకా పోము.

కట్టుబాటు అన్నాను. అదేమిటో ఆలంపురం చూపిస్తుంది. జోగులాంబ గుడి 14వ శతాబ్దిలో బహమనీల కాలంలో ధ్వంసమైంది. అమ్మవారి మూర్తి బాలబ్రహ్మేశ్వరుడి ఆలయంలో వందల ఏళ్ళు పూజలందుకుంది. పాత గుడి ఉన్న చోటే కొత్తది కట్టి 2005లో అమ్మవారిని తిరిగి అక్కడికి చేర్చారు. ఆ వందల ఏళ్ళూ ఆమె జోగులాంబ కాకుండా పోలేదు. వేరే ఇంట్లో ఉన్నా దీపం ఆరలేదు, తిరిగి వెళ్ళవలసిన చోటును జనం మరిచిపోలేదు. గుడికి మరమ్మతు వచ్చినప్పుడు బాలాలయం కట్టి దేవుడి కళను అందులోకి తెచ్చి, పని అయ్యాక మళ్ళీ లోపలికి చేర్చే ఆగమ పద్ధతి కూడా ఈ రెంటినే కోరుతుంది: పూజ ఆగకూడదు, తిరిగి వెళ్ళే దారి మూసుకుపోకూడదు. ఆ పక్కనే కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి ఉంది. చాళుక్యుల నాటి కట్టడం, నదుల కూడలి దగ్గర ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఆలంపురం తెచ్చి అదే వరుసలో పేర్చారు. చోటు మార్చడం చిన్న మార్పు కాదు, సంగమం వదిలిన సంగమేశ్వరుడంటే కొందరికి బాధ ఉండవచ్చు, ఉండాలి కూడా. కానీ రాళ్ళ మీద అంకెలు వేసిన చేతిలో భక్తి ఉంది. ఏది ఎక్కడిదో రాసిపెట్టినవాడు పాతదాన్ని చంపినవాడు కాడు. ఎయిర్ ఫిల్టర్ విషయంలో నేను చెప్పే కట్టుబాటు ఆ అంకెలే. పాత డబ్బాను కోయకూడదు, కొత్తగా రంధ్రం వేయకూడదు, వెల్డింగ్ పెట్టకూడదు. తీసిన ముక్క పాతసామాన్ల కొట్టుకు పోకూడదు. కొత్తది ఎంత బాగా పనిచేసినా, రెండు స్పానర్లతో అరగంటలో పాతదానికి తిరిగి వెళ్ళగలగాలి.

ఇనుముకు ధర్మమేమిటి, ఇదంతా బండిని దేవుణ్ణి చేయడం కదా అనేవారూ ఉంటారు. దసరాకు ఆయుధపూజ చేసి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే ఊళ్ళలో ఈ ఆక్షేపణకు బలం తక్కువ. ఆ పూజ యంత్రాన్ని దేవుణ్ణి చేయదు. మనకోసం పనిచేసే వస్తువుకు మనం రుణపడ్డామని ఒప్పుకుంటుంది, రుణమన్నాక తీర్చే తీరు ఆలోచించాలి. దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో అతి ఉంది. శుద్ధి మీద మోజుతో మందపాటి స్పాంజి మీద గుడ్డ, గుడ్డ మీద ఇంకో గుడ్డ కట్టేవారి అతి. గాలి తగ్గితే పెట్రోలు పాలు పెరుగుతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, కాలని పెట్రోలు గోడల మీది నూనెను కడిగేస్తుంది, చివరికి అరిగేది మళ్ళీ బోరే. మడి కట్టుకున్నది వంట చేయడానికి, మడి కోసం పొయ్యి ఆర్పుకోవడానికి కాదు. లోపలికి వచ్చేదాన్ని ఎంత ఆపిందన్నది వడపోతకు సగం పరీక్షే. రావలసినదాన్ని ఎంత రానిచ్చిందన్నది మిగతా సగం.

కాబట్టి నడిగడ్డలో తిరిగే పాత బండికి నా తీర్పు ఇది. ఆయిల్ బాత్ డబ్బా తుప్పు పట్టకుండా, కీళ్ళు వదులు కాకుండా, జాలీ చిరగకుండా ఉంటే అదే ఉండాలి, ఎండాకాలం దారుల మీద వారం తిరగకుండానే గిన్నె విప్పి చూసే ఓపిక మనిషికి ఉన్నంతకాలం. ఆ ఓపిక లేనప్పుడు, లేదా గిన్నె అడుగు తిన్నప్పుడు, బండి ఎక్కువగా టౌన్‌లో నిదానంగానే తిరుగుతున్నప్పుడు కాగితం ఫిల్టరే సరైనది. దాన్ని ఇంజన్ కొలతకు తగ్గట్టు ఎంచి, వీలైతే పాత డబ్బాలోనే, లేకపోతే దాని చోట విడిగా అమర్చాలి. గాలి పక్కనుంచి దూరకుండా రబ్బరు వాషరు బిగుతుగా కూర్చోవాలి. పాత జాలీని కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, గిన్నెతో సహా గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టాలి. ఆ మూట మీద ఏ రోజు తీశారో, కార్బొరేటర్‌లో అప్పుడున్న జెట్ నంబరేమిటో చదవగలిగే అక్షరాల్లో రాసి ఉండాలి.